ఎస్తేరు కూడా మా క్లాసే

ఈ పోస్టు ఈ రోజే రాయాలి. ఎందుకంటే, ఎస్తేరు మా బడిలో చదవనే లేదని నిన్న బడి ఆఫీసులో చెప్పారు.

మా చిన్నప్పుడు... శంషాబాద్ దగ్గర మా సర్కారు బడిలో, మూడో బెంచీలో గోడ వైపు రూతు, ఎస్తేరు, వాళ్ల పక్కన నేను. పైన విమానం పోతుంటే సార్ పాఠం ఆపేవారు... ఆ మోత తగ్గేలోపు వాళ్లిద్దరూ ఏదో గుసగుసలాడుకుని నవ్వేవారు.

పేపర్లలో అవిభక్త కవలలు అని రాస్తారు చూడండి... వాళ్లు అలా పుట్టారు. రొమ్ము ఎముక కింద నుంచి బొడ్డు దాకా ఇద్దరి ఒళ్లూ కలిసే ఉండేవి. కాలేయం ఇద్దరికీ ఒక్కటే. గుండెలు రెండు, కడుపులు రెండు, చేతులు నాలుగు, కాళ్లు నాలుగు. విడదీస్తే ప్రాణానికి భరోసా లేదని దవాఖానలో చెప్పారట. వాళ్లమ్మ సుగుణ రెండు గౌన్లు విప్పి, మధ్యలో కలిపి ఒక్కటిగా కుట్టేది. ఎదురెదురుగా పుట్టినవాళ్లు నడిచీ నడిచీ పక్కపక్కకు తిరిగారు. ఒకరికి జ్వరమొస్తే రెండోవాళ్ల ఒళ్లూ కాలేది... కానీ నిద్ర వేరు, ఆకలి వేరు, అలకలు వేరు.

రిజిస్టర్‌లో పేరు మాత్రం ఒక్కటే, రూతుది.

చేర్పించిన రోజు సార్, "ఒళ్లు ఒక్కటే గద, రెండు పేర్లెందుకమ్మా?" అన్నారట. సుగుణ వేలిముద్ర వేసి వచ్చేసింది. మా ఇంట్లో కూడా బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేనే... ఏం రాశారని అడగడానికి ఎంత భయమో నాకు తెలుసు.

మధ్యాహ్న భోజనానికి పళ్లెం కూడా ఒక్కటే. ఎస్తేరు చెయ్యి చాపితే వంటావిడ, "అది తింటే నీకూ పోతది గద!" అనేది. పోదు! రూతు సగం తిని, మిగతాది ఎస్తేరుకు ఉంచేది.

ఆరో తరగతిలో నేను లీడర్‌ని. ఎంతమంది వచ్చారో రోజూ బోర్డు మూలన రాయాలి. ఓ రోజు సార్ చెప్పినట్టే ఆ ఇద్దర్నీ ఒక్కరిగా లెక్కబెట్టి నలభై ఒకటి అని రాశాను.

"నన్నెందుకు తీసేసినవే?" అంది ఎస్తేరు.

"సార్ గట్లనే రాయమన్నడు..."

"సార్‌కు లెక్కలు రాకుంటే నీకు గూడ రావా?"

రూతును లాక్కుంటూ వెళ్లి, నా అంకె తుడిచి, నలభై రెండు రాసింది. సార్ చూశారు. బెత్తంతో ఎస్తేరు అరచేతి మీద రెండు వేశారు.

ఎప్పుడూ నోరెత్తని రూతు తన చెయ్యి చాపింది. "నన్ను గొట్టున్రి సార్. రిజిస్టర్ల పేరు నాది. లేని పిల్లకు దెబ్బలెట్ల పడతయ్?"

క్లాసంతా నవ్వింది. సార్ రూతుకూ రెండు వేశారు. నేను చాక్‌పీసు పట్టుకుని నిలబడ్డాను... మర్నాడు మళ్లీ నలభై ఒకటే రాశాను. సార్ మీద ఎంత కోపముందో, నా మీద నాకూ అంతే ఉంది.

ఇప్పుడు ఇద్దరూ మైలార్‌దేవ్‌పల్లిలో కుట్టు శిక్షణకు దరఖాస్తు పెట్టారు. ఏడో తరగతి చదివినట్టు బడి కాగితం కావాలన్నారు. రూతుకు ఉంది. ఎస్తేరుకు లేదు. "పరేషాన్ గాకున్రి, రూతుకు సీటు ఇస్తం. ఆమె పక్కన కూసోవచ్చు" అన్నాడు అక్కడి ఉద్యోగి.

పక్కన కూర్చోవచ్చట! పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనికి అనుమతి ఇచ్చాడు మహానుభావుడు... ఎస్తేరును మిషన్ ముట్టనివ్వరు. సర్టిఫికెట్ రూతుకే.

అందుకే నిన్న ముగ్గురం బడికి వెళ్లాం. గోడలకు కొత్త రంగులు, హాజరు ఇప్పుడు ఫోన్‌లో... లెక్క మాత్రం పాతదే. ఆఫీసులో ఉన్న మేడమ్ నా వైపే చూస్తూ, "రికార్డుల లేని మనిషికి కాగితమెట్ల ఇయ్యాలమ్మా?" అన్నారు.

"నేను ఈడనే ఉన్న మేడమ్, జర నాతోని మాట్లాడున్రి" అంది ఎస్తేరు.

మేడమ్ కాసేపు ఫైలు తిప్పి, కలిసి చదివినవాళ్లు పదిమంది రాసిస్తే పై ఆఫీసుకు పంపుతానన్నారు. దరఖాస్తుల గడువు ఈ నెలాఖరు.

నాతో చదివినవాళ్లారా... మంఖాల్‌లో ఉన్నా, అత్తాపూర్‌లో కిరాయికి ఉన్నా... 'పాపం' అని ఏడుపు బొమ్మలు పెట్టకండి. వాళ్ల ఫొటో అడగకండి. ఆ రోజు నవ్వినవాళ్లయినా ఫరవాలేదు, నేనూ నోరు మూసుకున్నదాన్నే. మీ పేరు, ఒక్క వాక్యం... 'ఎస్తేరు మాతో చదువుకుంది.' కాగితం పట్టుకుని నేనే మీ గుమ్మం ముందుకు వస్తాను.

మొదటి సంతకం నాది, పెట్టేశాను. ఇంకా తొమ్మిది కావాలి... ఈ నెల ఇరవయ్యో తారీఖులోపు జవాబివ్వండి.