గాలి దేశానికి ఇన్‌స్పెక్టర్ వచ్చిన సంగతి

మొన్న మనుమరాలు సెల్‌ఫోను చూసుకుంటూ ఒకటే నవ్వు. ఏమిటే అంటే, పిల్లల పుస్తకం ఒకటి తెప్పించుకోవాలట, కొనేముందు ఇదివరకు చదివినవాళ్లు ఏమన్నారో చూడాలట. చదివి వినిపించింది. ఒకాయన అట్ట మూల నలిగిందని ఒక్క నక్షత్రం ఇచ్చాడు. ఒకామె, మావాడు ఇంకా తెరవలేదు గానీ చాలా బాగుంది అని అయిదూ ఇచ్చేసింది. ఇంకొకాయనకు పుస్తకం రెండు రోజులు ఆలస్యంగా చేరిందట, అందువల్ల కథ ఫరవాలేదట. ఇంతమంది నోరు చేసుకున్నారు, లోపల ఏం జరిగిందో చెప్పినవాడు ఒక్కడు లేడు. నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఈనాటిది కాదు. ఆ పుస్తకం నాకు తెలుసు. ఒకప్పుడు దాన్ని నా రెండు చేతులతో నేనే పాడుచేశాను.

డెబ్బైల చివరి మాట. ఏడో తరగతిలో లెక్కల అయ్యవారికీ నాకూ అభిప్రాయభేదం వచ్చింది. ఆయన బడిలో ఉండిపోయారు, నేను బయటికి వచ్చేశాను. నాలుగు చోట్ల తిరిగి చివరికి నంద్యాలలో ఒక బైండింగు షాపులో కుదురుకున్నాను. నాలుగు గోడలూ మైదా బంక వాసన కొట్టేవి. ఆ బంకలో మైలుతుత్తం కలిపేవాళ్లం, లేకపోతే చదువుకున్నవాళ్ల కంటే ముందు బొద్దింకలు పుస్తకాన్ని పూర్తిచేస్తాయి. మాకు పుస్తకమంటే కథ కాదు, ఫారాల లెక్క. పెద్ద కాగితాన్ని మడిస్తే పదహారు పేజీల కట్ట అవుతుంది, అదొక ఫారం. చినిగిన పుస్తకం వస్తే దారం తెంపి, ఫారాలు విడదీసి, అతికించి, మళ్లీ వరసగా కుట్టాలి. నాకు పని నేర్పిన ఉస్తాదు మొదటి రోజే చెప్పాడు: "చదివితే కుట్టలేవు, కుడితే చదవలేవు. నంబర్ సూడు బేటా, చాలు." నూట పన్నెండు తర్వాత నూట పదమూడు వచ్చిందంటే మా లెక్కన కథ సరిగ్గా ఉన్నట్టే.

ఆ నంబరే నా కొంప ముంచింది.

ఆళ్లగడ్డలో ఒక రైతుపెద్ద తన ఇంటి ముందరి గదిలో రీడింగు రూము నడిపేవాడు. ఆయన పుస్తకాలు మా దగ్గరికే బైండింగుకు వచ్చేవి. ఒకసారి వచ్చిన మూటలో ఈ పిల్లల పుస్తకమూ, ఒక డిటెక్టివు నవలా ఉన్నాయి. రెండూ ఒకే సైజు, రెండూ నూట ఇరవై ఎనిమిది పేజీలు. ఆఖరి ఫారం దీనిది దానికి, దానిది దీనికి కుట్టేశాను. కుట్టు మాత్రం చక్కగా కుదిరింది.

పిల్లల పుస్తకంలో కథ ఇదీ. ఒక పిల్ల తమ్ముణ్ణి గాలి ఎత్తుకుపోతుంది. వాణ్ణి వెతుక్కుంటూ ఆమె గాలి దేశానికి పోతుంది. దారిలో ఏడు వాకిళ్లు. ఒక్కో వాకిలి దగ్గర ఒక్కోటి వదులుకోవాలి: చెప్పులు, జడ, తనకు వచ్చిన పాట, చివరికి తన పేరు కూడా. నూట పన్నెండో పేజీ ఆఖరున ఏడో తలుపు కిర్రుమని తెరుచుకుంటుంది, "ఎదురుగా" అనే మాటతో పేజీ అయిపోతుంది. నా పుణ్యాన నూట పదమూడో పేజీలో, "ఇన్‌స్పెక్టర్ రివాల్వర్ గురిపెట్టి నిలబడి ఉన్నాడు!"

ఇంత ఘోరం జరిగితే చదివినవాడు పుస్తకం విసిరికొట్టాలి కదా? ఆ రీడింగు రూములో ఒక ఆచారం ఉండేది. పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు ఒక పొడుగాటి నోటుబుక్కులో అభిప్రాయం రాయాలి. రెండు మూడు నెలల తర్వాత మరో మూట ఇవ్వడానికి ఆళ్లగడ్డ పోయినప్పుడు అది తిరగేస్తే నేను చేసిన పని నాకు తెలిసింది. "మొదట్లో చప్పగా ఉండెను. పోలీసులు వచ్చిన తర్వాత ఊపు అందుకున్నది" అని ఒకరు. రిటైరైన హెడ్ కానిస్టేబులు ఒకాయన, "గాలి అయినను చట్టమునకు లోబడవలసినదే" అని రాసి కింద గీత గీశాడు. ఒక వకీలు గుమాస్తాకు రివాల్వర్ లైసెన్సు మీద అనుమానం. ఒక పంతులుగారైతే, గాలి అంటే దొరతనమనీ, ఇన్‌స్పెక్టర్ అంటే మేలుకున్న జనమనీ, ఇది పామరులకు తెలియదనీ ఒక పేజీ నింపాడు. పామరుణ్ణి నేను పక్కనే నిలబడి ఉన్నాను, తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు విప్పితే పని పోతుంది. మూట అప్పగించి బయటపడ్డాను.

ఆళ్లగడ్డ పోయినప్పుడల్లా భోజనం చిన్నమ్మ ఇంట్లో. బైబిలు తప్ప వేరే పుస్తకం ముట్టని మనిషి. ఆమె ఒక్కగానొక్క కొడుకు, నాకు తమ్ముడు, పదో తరగతి తప్పినాడని చిన్నాయన ఒక మాట అన్నందుకు ఇల్లు విడిచి పోయి అప్పటికి రెండేళ్లు. ఉత్తరం ముక్క లేదు. అడక్కూడదని అందరూ, చెప్పకూడదని ఆమె. ఆమెకు కాస్త పొద్దుపోతుందని ఆ పిల్లల పుస్తకం నేనే తెచ్చి ఇచ్చి ఉన్నాను, అప్పటికి నా ఘనకార్యం నాకే తెలియదు. ఆ రోజు సంగటి ముద్ద పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఒరే, ఆ పుస్తకం సదివినా. పోలీసాయన వచ్చినాడు, ఎవుర్నో పట్టకపాయ. బాగుంది. ఆ పిల్లోడేమైనాడ్రా?"

"ఏ పిల్లోడు చిన్నమ్మా?"

"ఏ పిల్లోడంటావేందిరా! గాలి ఎత్తకపోయిన పిల్లోడు. వాని కోసరమే గదా ఆ పిల్ల జడ గూడా కోసిచ్చి ఆడిదాకా పోయింది? వాని మాటే ల్యాకుండా ఐపోతే ఎట్లరా?"

ఊరంతా ఇన్‌స్పెక్టర్ మీసాలు చూసి మురిసిపోతే, పిల్లవాడు ఏడీ అని అడిగింది ఈమె ఒక్కతే. జరిగింది చెప్పేశాను. తిట్టలేదు.

"ఐతే కడమ పేజీలు యాడుండాయి?" అంది.

డిటెక్టివు నవల శిరివెళ్లలో ఒక ట్రాక్టరు ఆయన దగ్గర ఉందని రీడింగు రూము రిజిస్టరు చెప్పింది. పోయాను. పుస్తకం ఇవ్వలేదు గానీ అభిప్రాయం ఇచ్చాడు: "హంతకుడెవుడో చెప్పకుండా గాలీ మబ్బూ మోడం అంటాడేందప్పా? రాసినోడు తాగి రాసినాడు." పుస్తకం కొలిమిగుండ్లలో ఉన్న బావమరిదికి ఇచ్చాడట. మరో ఆదివారం కొలిమిగుండ్ల బస్సు ఎక్కాను. బావమరిదిదీ అదే అభిప్రాయం, కాకపోతే రెండు బూతులు ఎక్కువ. ఇంటివాళ్లు పుస్తకాన్ని ఊగే మంచం కోడు కింద పెట్టారు. మంచం ఎత్తి తీసుకున్నాను.

తిరుగు బస్సులో ఉస్తాదు మాట తప్పి ఆ పదహారు పేజీలూ చదివాను. ఏడో తలుపు వెనక తమ్ముడు ఉన్నాడు. మబ్బులు తోలుకుంటున్నాడు, నవ్వుతున్నాడు. అక్కను గుర్తుపట్టాడు. కానీ రానన్నాడు. ఆ పిల్ల వాణ్ణి కాసేపు చూసి, ఒక్కతే వెనక్కి నడిచి వచ్చింది. వాకిలి వాకిలి దగ్గరా తనవన్నీ తనకు తిరిగి ఇచ్చారు, వాణ్ణి తప్ప. అంతే, అయిపోయింది. రాసినవాడు ఎదురుగా ఉంటే గల్లా పట్టుకునేవాణ్ణి. ఇదా చిన్నమ్మ చేతిలో పెట్టేది? నోటికి వచ్చిన అబద్ధాలతో నంద్యాల బజారంతా నవ్వించినవాణ్ణి, ఒక మంచి ముగింపు కల్పించి చెప్పలేనా అనుకున్నాను. రెండు వారాలు కూర్చున్నా ఒక్కటీ అతకలేదు. ఆళ్లగడ్డ మూటలు వేరేవాడి చేత పంపించి తప్పించుకున్నాను.

మూడో వారం ఆమే ఆ పిల్లల పుస్తకం చంకలో పెట్టుకుని బస్సెక్కి వచ్చి షాపు ముందర నిలబడింది. "యాడ్రా నా పేజీలు?" అంది అందరి ముందరా. ఉస్తాదు ఏమిటని అడిగాడు. ఇక దాచేదేముంది, తీసి ఇచ్చాను. ఆయన రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి చూసి, "నంబర్ సరిగ్గనే ఉంది గదరా!" అన్నాడు. పని అయితే పోలేదు.

చిన్నమ్మ మెట్టు మీద కూర్చుని, వేలు కింద పెట్టుకుంటూ చదివింది. నేను స్కేలు పట్టుకుని ఒకే అట్టను నాలుగుసార్లు కొలిచాను. చదవడం అయ్యాక కాగితాలు ఒడిలో సర్దుకుంది.

"రాకపోతే పాయ. యాడుండాడో కండ్లజూసింది గదా ఆ పిల్ల. అది సాలు," అంది. కాగితాలు నా చేతికిచ్చి, "బాగా రాసినాడు. ఇది కుట్టు," అంది.

కుట్టాను. నా జీవితంలో చదివి కుట్టిన ఫారం అదొక్కటే. నెల తిరగకముందే నోటుబుక్కు నిండా శాపనార్థాలు. ఆఖరు మార్చి కథను చెడగొట్టారట, చేతగాని ముగింపట. రెండోసారి చదివిన కానిస్టేబులు, "ఇన్‌స్పెక్టరును తొలగించుట అన్యాయము" అని రెండు గీతలు గీశాడు. ఇదే అసలు కథ అని రైతుపెద్దతో మొత్తుకున్నాను.

"అసలుది ఎవునికి కావల్లప్పా? పదిమంది అడుగుతాండారు. ఆ పోలీసాయన్ను తెచ్చి మళ్లీ కుట్టు, పో," అన్నాడు.

పళ్లు కొరుక్కుంటూ మళ్లీ కుట్టాను, ఈసారి తెలిసి. ఊడదీసిన పదహారు పేజీలు చిన్నమ్మ అడిగి తీసుకుంది. నీ అభిప్రాయం కూడా ఆ నోటుబుక్కులో రాయి చిన్నమ్మా, వాళ్లకు బుద్ధొస్తుంది అంటే నవ్వింది. "వాళ్లది వాళ్లకు ఐపోయిందిలేరా" అంది.

ఆమెది కాలేదు. ఆ తర్వాత ఎనభైలన్నీ గడిచాయి, నా పెళ్లయింది, నా పిల్లలు బడికి పోయారు. ఆళ్లగడ్డ పోయిన ప్రతిసారీ ఆమె నన్ను ఏమీ అడగకుండా అన్నం పెట్టేది, నేను ఏదో ఒక జోకు చెప్పేవాణ్ణి. తమ్ముడు ఎక్కడ ఉన్నాడో ఆమెకు తెలియనే లేదు. అన్నేళ్లు చేతిలో పెట్టుకుని కూడా కాలం ఆ ఒక్క జవాబు తేలేకపోయింది, అడిగే మనిషిని మాత్రం తీసుకుపోయింది.