పగడాలకు కాపలా కాసిన డబ్బా

పోయిన ఆదివారం పొద్దున్న పక్కింటివాళ్ల ఫోనుకు కబురొచ్చింది. మాస్టారు పోయారట. యూసుఫ్‌గూడలో వాళ్లింట్లోనే, కుర్చీలో కూర్చునే పోయారట. పడుకుంటే ఊపిరాడక ఏడాదిగా ఆయన కుర్చీలోనే నిద్రపోతున్నారు. ఫోను పెట్టేశాక పక్కింటాయన "మీకేమైతడు?" అని అడిగాడు. "మా ల్యాబుల మాస్టారు" అన్నాను. అది సరిపోని జవాబని నాకు తెలుసు. సరిపోయేలా చెప్పాలంటే ఇదంతా రాయాలి.

మీలో ఎవరికీ ఆయన తెలియదు. ఆయన పేరు ఏ సినిమా మొదట్లోనూ పడలేదు. కాకినాడ మనిషి. మద్రాసులో ఫిల్మ్ కడిగే ల్యాబుల్లో పనిచేసి, సినిమావాళ్లు ఒక్కొక్కరే హైదరాబాదుకు తరలివస్తున్న ఎనభైల్లో వాళ్ల వెనకే వచ్చారు. ఫిల్మ్‌నగర్ వైపు కొత్తగా పెట్టిన మా కలర్ ల్యాబులో యంత్రాలన్నీ ఆయన చేతికింద ఉండేవి. ఫిల్మ్ కడిగే మందునీళ్ల వేడి పావు డిగ్రీ అటూ ఇటూ అయితే తెర మీద హీరోయిన్ మొహం కామెర్లు వచ్చినట్టు కనిపిస్తుంది. అలా కాకుండా చూడటమే ఆయన పని. ఆ రోజుల్లో మీరు చూసిన ఏ సినిమాలోనైనా మనుషుల మొహాలు మనుషుల రంగులోనే ఉన్నాయంటే అందులో ఆయన చెయ్యి ఉండే అవకాశం ఉంది.

నేను మోతీనగర్ నుంచి సైకిలు మీద వచ్చి, చీకటి గదిలో ఫిల్మ్ ఎక్కించే పని చేసేవాణ్ణి. ఆయన దగ్గర రెండు పద్ధతులు నేర్చుకున్నాను. ఒకటి, పొద్దున్నే ముందు ఒక ముక్క ఫిల్మ్ కడిగి, రంగు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం. ఆ ముక్క చూడందే ఆయన కాఫీ కూడా తాగేవారు కాదు. "ఎవడో ఎండలో నిలబడి తీసుకొచ్చిన నెగెటివయ్యా ఇది. మన ప్రయోగాలు దాని మీద కాదు" అనేవారు.

రెండోది మెయిన్ స్విచ్చు. ఒకసారి స్టోరు గదిలో వైర్లు కాలి మంటలు లేచాయి. ఆర్పబోయి ఆయన మోచెయ్యి కాల్చుకున్నారు. అప్పట్నుంచి, ఆఖరున బయటికి వెళ్లేవాడు మెయిన్ దించి తీరాలని రూలు పెట్టారు. గేటు దగ్గర నిలబడి "దించావా?" అని అడిగేవారు. దించానన్నా వెనక్కి పంపి మళ్లీ చూసి రమ్మనేవారు. ఆరు నెలలకల్లా తాళం తీసుకునే చేతికే మెయిన్ కూడా దించేయడం అలవాటైపోయింది. ఒక్కోసారి ఇంట్లో మా ఆవిడ వంట చేసుకుంటుండగానే మెయిన్ దించేసి డ్యూటీకి బయల్దేరేవాణ్ణి. ఆమె గుమ్మంలోకి వచ్చి తిట్టిన తిట్లకు వీధంతా నవ్వేది.

మద్రాసు రోజులతో సహా, మందులు కలిపే గదిలో ఆయన ఇరవై ఏళ్లకు పైగా ఉన్నారు. ఆ గదిలో గాలి గొంతును గీరుతుంది. మేం ఊపిరి బిగబట్టి వెళ్లి వచ్చేసేవాళ్లం. ఆయనకు అది కుదిరేది కాదు. తొంభైల మొదట్లో ఆయనకు దగ్గు పట్టుకుంది. డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఆ గది వదిలేయమన్నారు. వదలకపోతే మిగిలిన ఊపిరితిత్తులు కూడా మిగలవన్నారు. యాభై దాటిన మనిషి, తెలిసిన పని అదొక్కటే. వదిలి ఎక్కడికి వెళ్లాలి?

సరిగ్గా అప్పుడే ఒక నిర్మాత తన సినిమా ప్రింటు చూసుకోవడానికి ల్యాబుకు వచ్చారు. జూబ్లీహిల్స్‌లో ఆయన కొత్త ఇల్లు. హాల్లో గోడంత సముద్రపు తొట్టి కట్టించి, బొంబాయి నుంచి మనుషుల్ని పిలిపించి బతికున్న పగడాలు పెట్టించుకున్నారు. మూడుసార్లు పెట్టిస్తే మూడుసార్లూ చచ్చిపోయాయి. మందునీళ్ల వేడి చూపించే మాస్టారి బోర్డు ముందు ఆయన చాలాసేపు నిలబడ్డారు.

"మాస్టారూ, ఇలాంటిదొకటి నా తొట్టికి చేసిపెడతారా?"

"చేపలకా అండీ?"

"చేపలకు కాదండీ, పగడాలకు. వాటికి వేడి పెరగకూడదు, ఉప్పు పెరగకూడదు, వెలుగు టైముకు రావాలి. మనుషుల్ని పెడితే మర్చిపోతున్నారు."

పగడమంటే ఉంగరంలో పెట్టుకునే రాయి అనుకునేవాణ్ణి నేను. అది ప్రాణమున్నదనీ, ఒంటి నిండా చిన్న చిన్న నోళ్లుంటాయనీ అప్పుడే తెలిసింది. నిర్మాత ఒక మాట ఇచ్చారు. మాస్టారు తన ఇంట్లోనే చిన్న తొట్టి పెట్టి, ఏడాదిపాటు పగడాలు బతికించి చూపించాలి. బతికితే, ఇలాంటి యంత్రాలు చేసుకోవడానికి జూబ్లీహిల్స్ ఇంటి వెనక షెడ్డు ఆయనదే. స్నేహితుల ఇళ్లలో కూడా ఇవే పెట్టిస్తారు. అంటే మందుల గదికి మాస్టారు ఇక దణ్ణం పెట్టేయొచ్చు. ఆ రోజు ఆయన నాకు ఇరానీ చాయ్ తాగించారు. అలాంటివి చేసే మనిషి కాదు.

కోఠీలో తిరిగి, వాటంతటవే పడే స్విచ్చుల్లాంటి రిలేలు, వైర్లు, వేడి కొలిచే బుల్లి సెన్సర్లు తెచ్చారు. మొదటి యంత్రాన్ని ఖాళీ ఫిల్మ్ డబ్బాలో అమర్చారు. నెల తిరక్కుండా ఉప్పుగాలికి డబ్బా తుప్పు పట్టింది, లోపల తీగలు పచ్చబడిపోయాయి. రెండోది ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో పెట్టారు. తీగలకు ఉప్పు తగలకుండా మేకప్ వాళ్లనడిగి గోళ్ల రంగు తెచ్చి పూశారు. వాళ్ల దగ్గర ఎర్రదే ఉంది. డబ్బా మూత తీస్తే లోపలంతా పెళ్లికూతురి చేతుల్లా ఉండేది. నేను నవ్వితే "పని చేస్తోందా లేదా చూడవయ్యా" అన్నారు.

ఆ డబ్బా చేసే పనులు మీకు చెప్పాలి, ఎందుకంటే అంత తెలివైన వస్తువును నేను మళ్లీ చూడలేదు. నీళ్లు వేడెక్కితే పాత ఫ్రిజ్ మోటారు ఆన్ చేసి చల్లబరిచేది. చల్లబరిచే గొట్టం రాగిదైతే ఉప్పునీళ్లలో పగడాలకు విషమని తెలుసుకుని, మాస్టారు ల్యాబు తుక్కులోంచి స్టీలు గొట్టం ఏరి వాడారు. నీళ్లు ఆవిరై మట్టం తగ్గితే తేలే బిళ్ల కిందికి దిగి, మంచినీళ్ల పంపు తిరిగేది. లైట్‌బాయ్‌లు ఇచ్చిన నీలం కాగితం చుట్టిన ట్యూబులైట్లు పొద్దున వెలిగి సాయంత్రం ఆరేవి. కరెంటు పోతే మిగతావన్నీ ఆపేసి, పాత లారీ బ్యాటరీ మీద నీళ్లలోకి గాలి ఊదే మోటారు ఒక్కటే నడిపేది. "మన ఊళ్లో కరెంటు ఎంతసేపు పోతుంది? మహా అయితే మూడు గంటలు. నేను ఎనిమిదికి పెట్టాను" అన్నారు గర్వంగా.

మూడు నెలలు ఆ తొట్టిలో ఒట్టి ఉప్పునీళ్లే. ఒక్క ప్రాణి లేదు. ఇంటికొచ్చినవాళ్లు ఖాళీ తొట్టి చూసి వెళ్లిపోయేవాళ్లు. "ఏంటండీ ఈ నీళ్ల పూజ?" అని ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే ఆవిడ, విసుక్కునేది. ముక్క కడిగి చూడందే నెగెటివ్ ముట్టని మనిషి మరి. ఆ తరవాతే రామేశ్వరం వైపు నుంచి రైల్లో డబ్బాల్లో నాలుగు పగడాలు వచ్చాయి. ఊదారంగువి రెండు, ఆకుపచ్చవి రెండు. తొట్టి ముందు స్టూలేసుకుని కూర్చుంటే ఆయన దగ్గు కూడా నెమ్మదించినట్టుండేది. అది నా భ్రమే కావచ్చు.

పదకొండు నెలలు బతికాయి. ఊదావి రెండూ వేలెడంత పెరిగాయి.

మే నెలలో మాస్టారి తల్లి సంవత్సరీకాలకు ఇంటిల్లిపాదీ కాకినాడ వెళ్లాల్సి వచ్చింది. నాలుగు రోజులు. తాళం చెవి నాకిచ్చారు. "నువ్వేం చెయ్యనక్కర్లేదు. డబ్బా చూసుకుంటుంది. రోజుకోసారి వచ్చి వేడి ఎంతుందో రాసిపెట్టు, చాలు" అన్నారు.

మంగళవారం సాయంత్రం వెళ్లాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. వేడి రాశాను. పగడాల నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. కాసేపు స్టూలు మీద కూర్చుని చూసి, తాళం వేసి వచ్చేశాను. బుధ, గురువారాలు ల్యాబులో విడుదల ప్రింట్ల హడావిడి. గేటు దాటనివ్వలేదు. డబ్బా ఉంది కదా అని ధైర్యం.

శుక్రవారం పొద్దున తలుపు తీయగానే వాసన కొట్టింది. రేకుల కప్పు కింద ఇల్లు కుంపటిలా ఉంది. లైటు వేయబోతే వెలగలేదు. మెయిన్ వైపు చూశాను. కిందికి దించి ఉంది. మంగళవారం వెళ్లేటప్పుడు నేనే దించాను. దించినట్టు ఇప్పటికీ గుర్తులేదు. కానీ ఆ ఇంట్లోంచి ఆఖరున వెళ్లింది నేనే.

మెయిన్ ఎత్తాను. డబ్బా టక్కుమంది. పాపం దానికేం తెలుసు. నీళ్లు వేడెక్కాయని కనిపెట్టి, ఫ్రిజ్ మోటారు ఆన్ చేసి, చచ్చిపోయిన పగడాలను చల్లబరచడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం మాస్టారు దిగారు. సంచీ భుజాన ఉండగానే తొట్టి దగ్గరికి వెళ్లారు. పగడాల మీది కండ అంతా ఊడి, తెల్లటి ఎముకలు మిగిలాయి.

"కరెంటు పోయిందట మాస్టారూ. రెండు దినాలు రాలేదట. నేను వచ్చేసరికే గిట్లుంది" అన్నాను. ఆ మాట ముందే సిద్ధం చేసుకుని ఉన్నాను.

ఆయన చెయ్యి నీళ్లలో పెట్టి చూశారు. "సరేలే, నువ్వు భోంచేశావా?" అన్నారు.

వారం తిరక్కుండా నిర్మాత వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను. "కరెంటు ఎక్కువసేపు లేకపోతే ఏం చెయ్యాలో నా డబ్బాకు తెలియదండీ. నేను చేసిన పద్ధతిలోనే లోపం ఉంది" అన్నారు మాస్టారు. నిర్మాత మంచివాడే, బాధపడ్డారు. "పోన్లెండి మాస్టారూ, మన ఊరికి ఇవి పడవు" అని వెళ్లిపోయారు. జూబ్లీహిల్స్ హాల్లో తొట్టి తీసేసి, ఆ స్థలంలో సీసాలు పెట్టుకునే అలమర కట్టించారని తరవాత విన్నాం. మరుసటి సోమవారం మాస్టారు రబ్బరు చేతితొడుగులు వేసుకుని మందుల గదిలోకి వెళ్లారు. ఇంకో ఐదేళ్లు వెళ్తూనే ఉన్నారు.

నన్ను మాత్రం ఆ ఏడాదే ప్రింటింగు సెక్షనుకు మార్పించారు. ఏసీ గది, మందుల వాసన రాదు. యజమానితో ఆయనే మాట్లాడారట. నా ఊపిరితిత్తులు ఈ రోజుకీ బాగున్నాయి. ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆయన ల్యాబుకు రావడం మానేసే ముందు రోజుల్లో, సాయంత్రాలు చెక్‌పోస్టు బస్టాపు దాకా నేను తోడు వెళ్లేవాణ్ణి. దారి పొడుగునా గోడల మీద సినిమా పోస్టర్లు. మాస్టారు ప్రతి పోస్టరు ముందూ ఆగి పేర్లన్నీ చదివేవారు. "ఈ కెమెరామెన్ కొత్తవాడా?" "సంగీతం ఎవరన్నారు?" ఇంత ఆసక్తి ఎప్పుడొచ్చిందా అనుకున్నాను. మూడో రోజుకు అర్థమైంది. ఇరవై అడుగులేస్తే ఆయనకు ఊపిరి అందడం లేదు. అది నాకు తెలియకూడదని పోస్టర్లు చదువుతున్నారు. ఆ రోజు ఇక నా వల్ల కాలేదు.

"మాస్టారూ, ఆ దినం కరెంటు పోలే. మెయిన్ నేనే దించిన. అలవాటుల చెయ్యి పోయింది."

"తెలుసయ్యా" అన్నారు, పోస్టరు మీంచి కళ్లు తిప్పకుండా.

"ఎట్ల తెలుసు?"

"వచ్చిన సాయంత్రమే పక్కింటావిడ చెప్పింది. ఆ వారమంతా కరెంటు పోనేలేదట."

"మరి ఒక్క మాటన్న అనలేదేంది?"

ఊపిరి కోసం ఆగారు. "ఏమంటానయ్యా. ఆ చేతికి నేర్పింది నేనే కదా. ఇంట్లో మనిషే మెయిన్ దించితే ఏం చెయ్యాలో డబ్బాకు మాత్రం నేర్పలేదు. నిర్మాతగారికి నేను అబద్ధం చెప్పలేదు."

తిట్టి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రమే చెంప మీద కొట్టి ఉంటే ఐదేళ్లు ఇంత బరువు ఉండేది కాదు. క్షమించమని అడుగుదామనుకున్నాను. ఆయన నా మీద మోపిన తప్పేమీ లేదు. ఇక దేనికని అడగను?

మళ్లీ నడిచాం. ఇరవై అడుగుల తరవాత ఆయన ఆగారు. అక్కడ గోడ మీద పోస్టరు లేదు. ఒట్టి సున్నం గోడ. ఆయన గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డారు. నేనూ పక్కన నిలబడి ఆ గోడ వైపే చూశాను.