తన్లిన్‌లో కొన్న పాత వ్యాను, నేను ఆడిన బేరం

పాత వ్యాను కొని, వెనక పడుకోవడానికి చోటు అమర్చుకుని తిరగాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బండి సంగతులు ఉన్నదున్నట్టు చెబుతాను. వాటితో పాటు నా సంగతీ చెప్పక తప్పదు, రాయడానికి సిగ్గుగానే ఉంది. ఊళ్లో సంచౌంగ్ పేటలో ఒక ఇంట్లో నాలుగో అంతస్తులో అమ్మా నేనూ ఉంటాం. నాన్న కోవిడ్‌లో పోయినప్పటి నుంచి అమ్మ మెట్లు దిగడం దాదాపు మానేసింది. మోకాళ్ల నొప్పితో బస్సు ఎక్కలేదు, లాడ్జీలో దిగడం ఆవిడకు గిట్టదు. నడుం వాల్చడానికి చోటున్న బండి ఉంటే నది ఒడ్డు దాకా అయినా తీసుకెళ్లొచ్చని ఏడాదిగా అనుకుంటున్నాను. నది అవతల తన్లిన్‌లో అలాంటి వ్యాను ఒకటి అమ్మకానికి ఉందని తెలియగానే ఒక ఆదివారం బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు సంచౌంగ్‌లో బస్సెక్కి, ఊరి నడిబొడ్డున దిగి తన్లిన్ బస్సు మారాను. వంతెన మీద కాసేపు ఆగిపోవడంతో చేరేసరికి ఎనిమిది దాటింది. ఛార్జీ రెండు బస్సులకూ కలిపి ఈ దేశపు డబ్బులో వెయ్యి చాట్లు కూడా కాదు. బండి యజమాని మా తెలుగువాడే, ఊ అప్పన్న. ఇక్కడ పెద్దవాళ్ల పేరు ముందు 'ఊ' అని మర్యాదకు చేరుస్తాం. అరవై దాటిన మనిషి, లుంగీ పైకి కట్టుకుని ఇంటి ముందే బండి కడుగుతున్నాడు. తెల్ల వ్యాను, జపాను నుంచి పాతదిగానే వచ్చింది. ఇంజను మొదటి తిప్పుకే అందుకుంది. వెనక తలుపు తీస్తే సీట్లు లేవు, నేలకు రెండు ఇనుప పట్టాలు బిగించి ఉన్నాయి.

"ముందే సెప్తన్నానమ్మా," అన్నాడాయన. "ఇది మా పేట సంగం బండి. సచ్చిపోయినోళ్లని ఊరికినే మోసింది. సంగానికి కొత్త బండొచ్చినాదని దీన్ని నేను తీసుకున్నాను. తెలిసి కొనుక్కో."

అంత నిక్కచ్చిగా మాట్లాడే మనిషి దగ్గర ఎవరైనా తల వంచుతారు. నేను బేరం మొదలుపెట్టాను. మాది ఊళ్లోని పబేడాన్ పేటలో బట్టల కొట్టు. కొనే సరుకును మెచ్చుకుంటే జేబుకు చిల్లు పడినట్టేనని నాన్న చిన్నప్పటి నుంచీ నూరిపోశాడు, నాకు అదొక్కటే బాగా వంటబట్టింది. శవాల బండికి ఇంత ధరేమిటి, ఊరికే ఇచ్చినా ఎవరెక్కుతారు, ఆ వాసన ఏ సబ్బుకు పోతుంది అని నోటికొచ్చినట్టు అన్నాను. నిజానికి వాసనేమీ లేదు. ఆయన నూట ఎనభై లక్షలు అడిగాడు, ఒక్క మాట ఎదురు చెప్పకుండా నూట అరవైకి దిగాడు. (లక్షలని బెదరకండి, మా చాట్ విలువ అలా ఉంది.) నేను గెలిచానని మురిసిపోయాను.

అంతటితో ఊరుకోలేదు. లోపలంతా ఎక్కి చూసి, బండి దిగగానే సంచిలో నీళ్ల సీసా తీసి, ఆయన చూస్తుండగానే చేతులు కడుక్కుని నెత్తిన చల్లుకున్నాను. వాళ్లావిడ గిన్నెలో వేడివేడి మొహింగా, చేపల పులుసు పోసిన సేమ్యా, తెస్తే ఇవాళ ఒక్కపొద్దని అబద్ధమాడాను. ఆవిడ నవ్వేసి గిన్నె లోపలికి తీసుకెళ్లింది.

తర్వాత నాలుగు గంటలు బండి పని. అదంతా ఊ అప్పన్నే చేశాడు, కూలి అడగలేదు. నేలలో ఒక మూల తుప్పు తిని చిల్లు పడితే రేకు అతికించాడు. వాన నీరు కారకుండా వెనక తలుపుకు కొత్త రబ్బరు వేశాడు. ప్లైవుడ్ రెండు ముక్కలు, పరుపు, కిటికీలకు తెరలు, చిన్న ఫ్యాను, అన్నీ పక్క బజారులోనే దొరికాయి, మూడు లక్షల లోపే అయింది. ఇనుప పట్టాలు పీకి పారేయమన్నాను. ఆయన మరలు విప్పి, గుడ్డతో తుడిచి, ఇంట్లో పెట్టుకున్నాడు. మా అమ్మకు ఇది శవాల బండని తెలియకూడదు, తలుపు మీది సంఘం పేరు కూడా గీకేయండి అన్నాను. దాన్నీ తన చేత్తోనే గీకాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు అమ్మకం కాగితం రాసుకోవడానికి కూర్చున్నాం. నా చిరునామా చెబుతుంటే రాస్తూ రాస్తూ పెన్ను ఆపాడు. నాలుగో అంతస్తా అని అడిగాడు. అవునన్నాను. అప్పుడు మా నాన్న పేరు ఆయనే చెప్పాడు. గోత్రం కూడా చెప్పాడు.

నాన్న పోయిన రోజు అమ్మకూ నాకూ కూడా జబ్బు ఉంది, గడప దాటే వీల్లేదు. రెండు వీధుల అవతల ఉన్న చుట్టాలు తొంగి చూడలేదు. దగ్గరి బళ్లేవీ దొరక్క, ఎవరో ఇచ్చిన నెంబరుకు ఫోన్ చేస్తే ఇద్దరు మనుషులు తెల్ల ముసుగుల్లో వచ్చారు. బండి కదిలే ముందు వాళ్లలో ఒకాయన సందులో నిలబడి తల పైకెత్తి, పేరూ గోత్రమూ ఏమిటని తెలుగులో అడిగాడు. నేను బాల్కనీలోంచి అరిచి చెప్పాను. ఎవరి బిడ్డదో ఆ గొంతు అని అమ్మ ఇప్పటికీ తలుచుకుంటుంది. ఆ నెంబరుకు నేను మళ్లీ ఒక్కసారైనా ఫోన్ చేయలేదు.

"నేనే నీళ్లొదిలినానమ్మా," అన్నాడు ఊ అప్పన్న. "మీరిద్దరూ పైనుంచి సూస్తన్నారు గదా, అందుకని సందు దాటేదాకా మెల్లిగా తోలినాను."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. పొద్దుటి నుంచి అన్న మాటలన్నిటికీ క్షమించమన్నాను, తగ్గించిన డబ్బు తీసుకోమన్నాను. బేరం బేరమేనని తీసుకోలేదు. "నువ్వేటి కొత్తగా అనేసినావు?" అన్నాడు. "అప్పుడూ మా సెయ్యి ఎవులూ ముట్టుకోనేదు. అలవాటైపోనాది." కోపంతో అని ఉంటే బాగుండేది. మామూలుగా అన్నాడు.

నాలుగింటికి ఇల్లు చేరి, దాచకుండా అమ్మకు అంతా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. రెయిలింగు పట్టుకుని మెట్లు దిగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. బండెక్కి, కొత్త పరుపును పక్కకు జరిపి, నేల మీద కూర్చుంది. "తల ఎటేపు ఎట్టినారో?" అని అడిగింది. నేను అడగలేదని చెప్పాను. పొద్దున్నుంచి ఆయన్ని అడగాల్సినవేవీ నేను అడగలేదు. అక్కడే నిలబడి ఊ అప్పన్నకు ఫోన్ చేసి అమ్మ చేతికిచ్చాను. అవతలి నుంచి ఏటమ్మా అన్న ఒక్క మాట వినగానే, అమ్మ ఫోన్ గుండెకు పెట్టుకుని ఏడ్చింది.

బండి బాగుంది, కిందటి వారం నది ఒడ్డుకు కూడా వెళ్లొచ్చాం. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, నా మీదే ఉంది. నాన్న గోత్రం గొంతు చించుకుని ఎవరికి చెప్పానో, ఆ మనిషి ఎదుటే నిలబడి చేతులు కడుక్కున్నాను. మా వ్యాపార బుద్ధి అంతేనని సర్దిచెప్పుకోబోయాను గానీ, నాన్న బేరం నేర్పాడు తప్ప మనిషిని తక్కువ చేయడం నేర్పలేదు. పాత బండి కొనేవాళ్లకు ఒకటే సలహా. ఇంజను చూడటానికి మెకానిక్కును ఎలాగూ తీసుకెళతారు. బేరం బాగా వచ్చినవాళ్లను ఇంట్లోనే వదిలి, ఆ బండిలో కూర్చోబోయే మనిషిని వెంటబెట్టుకెళ్లండి. అమ్మ వచ్చి ఉంటే ఆయన్ని మొదటి మాటకే గుర్తుపట్టేది. నాకు అయిదు గంటలు పట్టింది, అదీ ఆయన చెబితే.