అవ్వ తాగిన మజ్జిగ

పోయిన ఆదివారం నా స్నేహితురాలు ఫోన్ చేసింది. చిత్తూరులో మేం చదువుకున్న ఆడపిల్లల బడిలో అవ్వ ఫోటో పెడుతున్నారట. మనవరాలిగా నేను దీపం వెలిగించి నాలుగు మాటలు మాట్లాడాలట. "నువ్వు కాకపోతే ఇంకెవురు మాట్లాడతారు? ఆమెను నీకంటే దగ్గరగా చూసినోళ్లు ఎవురుండారు?" అంది. నిజమే. అంత దగ్గరగా ఉండటమే నాకు చేటయింది. వస్తాననీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని అబద్ధమాడి ఫోన్ పెట్టేశాను.

అవ్వ అంటే నాయనను కన్నతల్లి. నాయన ఉయ్యాలలో ఉండగానే తాత పోయాడు. పుట్టింటివాళ్లు బిడ్డను తమ దగ్గర ఉంచుకుని ఆమెను టీచరు ట్రైనింగుకు పంపారు. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా ఆ బడి, రిటైరయ్యాక మా ఇంటి అరుగు మీద ఊరికే చెప్పే పాఠాలు. మా పేట గిరింపేటలో ముగ్గురు ఆడవాళ్లు నిలబడి మాట్లాడుకుంటుంటే ఇద్దరైనా ఆమె దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాళ్లే అయ్యుండేవాళ్లు. నేనూ ఆమె క్లాసులోనే కూర్చున్నాను. మనవరాలినని దెబ్బ తగ్గించింది లేదు సరికదా, ఒకటి ఎక్కువే వేసేది. ఆమెకు పొడుం అలవాటు. అది ఎవరికీ తెలియదని ఆమె నమ్మకం. బోర్డు వైపు తిరిగి కొంగు చాటున పీల్చేది, వెంటనే గదంతా అదిరేట్టు తుమ్మేది. "సుద్దపొడి నాకు పడదు" అనేది. క్లాసంతా భక్తిగా తలూపేది. ఇంట్లోనూ ఆమెదే పెత్తనం. బెల్లం మండీలో పులిలా అరిచే నాయన ఆమె ముందు పిల్లి. ఆమె ఒద్దన్న పని మా ఇంట్లో జరిగిన గుర్తు లేదు, ఆమె సరేనన్న పని ఆగిన గుర్తూ లేదు.

ఆ రోజుల్లో ఆడపిల్ల పెద్దమనిషయితే చాలు, చాలా ఇళ్లల్లో బడి మానిపించేవాళ్లు. పిల్ల వరసగా కొన్నాళ్లు కనబడకపోతే అవ్వ ఆ ఇంటికి బయలుదేరేది. చల్లబడ్డాక కాదు, మిట్టమధ్యాహ్నం, కుక్కలు కూడా నీడ వదలని ఎండలో. అందులో ఒక కిటుకుంది. మా వైపు ఎండన పడి వచ్చిన మనిషికి మజ్జిగ ఇవ్వకపోవడం ఎంత తప్పో, ఇచ్చిన మజ్జిగ ముట్టకుండా ఆ మనిషి లేచిపోవడం ఇంటివాళ్లకు అంత తలవంపులు. అవ్వ అరుగు మీద కూర్చుని, చెమట తుడుచుకుని, మజ్జిగ లోటా అందుకుని పక్కన పెట్టేది. ఈగలు వాలకుండా దాని మీద అరచెయ్యి మూసేది. "పాప బడికొస్తాదని చెప్పప్పా, తాగతాను" అనేది. వీధిలో పోయేవాళ్లు చూస్తుంటారు, ఇంటాయన గింజుకుంటాడు. పాప బడికి పోతే ఇంట్లో పని ఎవరు చేస్తారని అడుగుతాడు. "ఇల్లు యాడికీ పోదులేప్పా, ఈడనే ఉంటాది. బిడ్డ వయసు నిలస్తాదా?" ఈ మాటకు తిరుగు చెప్పినవాణ్ణి నేను చూడలేదు. పోయిన ఆదివారం ఫోన్ చేసిన స్నేహితురాలు తగరపు పెట్టెలు చేసే సాయిబు కూతురు. ఆయన ఒక్కడు మాత్రం నీడలు సాగేదాకా పట్టు వదల్లేదు. చివరికి, "ముందు మీరు తాగండమ్మా, సోమవారం పంపిస్తా, నాకు పాపం తగిలించొద్దు" అన్నాడు. అవ్వ వెంట పోయిన నేను ఆ గెలుపు నాదే అయినట్టు ఇంటిదాకా ఎగురుతూ వచ్చాను.

డెబ్బైలు ముగుస్తున్న రోజుల్లో నేనూ ఆ స్నేహితురాలూ ఇంటర్ పాసయ్యాం. డిగ్రీకి తిరుపతిలో ఇద్దరికీ సీట్లొచ్చాయి. హాస్టల్లో ఒకే గది అడగాలనుకున్నాం, కిటికీ పక్క మంచం ఎవరిదని పోట్లాడుకున్నాం కూడా. ఆ ఏడే అమ్మకు ఉబ్బసం ముదిరి మంచం దిగలేకపోయింది. వంటా పాడీ నా నెత్తిన పడ్డాయి. వంటమనిషిని పెట్టుకోలేని ఇల్లు కాదు మాది, కానీ ఏ ఇంట్లోనైనా మజ్జిగ తాగే అవ్వకు బయటివాళ్ల చేతి కూడు సయించదు. నాయన నన్ను పంపనంటాడని తెలిసినా నాకు బెంగ లేదు. ఊరందరి నాయనలనూ లొంగదీసిన మనిషి మా ఇంట్లోనే ఉంది కదా. ఒక శనివారం ఒంటిపూట బడి ముగించుకుని అవ్వ మధ్యాహ్నం ఇంటికొచ్చి అరుగు మీద కూర్చోగానే నేనే మజ్జిగ చిలికాను. అల్లం దంచి వేశాను, కరివేపాకు నలిపి వేశాను. ఎంత కమ్మగా ఉంటే ఆమె కాదనడానికి అంత విలువ ఉంటుందని నా లెక్క. లోటా ఆమె చేతికిచ్చి స్తంభం పక్కన నిలబడ్డాను.

మండీ నుంచి భోజనానికి వచ్చిన నాయన గొంతు సవరించుకుని, "అమా, పాప తిరుపతికి పోతానంటా ఉండాది. వాళ్లమ్మ సూస్తే అట్లుంది. ఇల్లు ఎవురు సూసుకుంటారు?" అన్నాడు. తర్వాతి మాట నాకు కంఠతా వచ్చు. అవ్వ లోటా పక్కన పెట్టడం కోసం, ఆ మాట అనడం కోసం చూశాను. ఆమె లోటా లోపలికి చూసింది. ఎత్తి, గుక్క తిప్పుకోకుండా అడుగుదాకా తాగింది. కొంగుతో మూతి తుడుచుకుని, "ఉప్పు రవ్వంత ఎక్కువైంది పాపా" అంది. నాయన పేపరు తీసుకున్నాడు. ఖాళీ లోటా లోపలికి తెచ్చి కడిగాను. ఏడుపు కూడా రాలేదు. నన్ను ఎవరో కాదు, ఆమె ముంచిందని నమ్మడానికే నాకు చాలా రోజులు పట్టింది.

ఆ నెలలోనే నా స్నేహితురాలు తిరుపతి బస్సెక్కింది. అవ్వ బస్టాండుకు పోయి, ఆ పిల్ల చేతిలో అరటిపండ్లు పెట్టి సాగనంపింది. నన్నూ రమ్మంది, పోలేదు. మరుసటి రోజు ఎప్పటిలాగే క్యారియర్ సర్ది అవ్వకు అందించాను, ఆమె బడికి పోయింది. ఊరు ఆమెను పొగిడేది, నేను ఆమెకు రసం కాచేదాన్ని. రెండేళ్లకు పక్క వీధిలోనే నన్నిచ్చి పెళ్లి చేశారు, ఆమెకు వంట ఆగకుండా. ప్రేమ లేదనను. నాకు జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చిన మనిషి. అందుకే ఆ కోపం ఎటూ పోలేదు. ప్రేమ లేని మనిషి అయ్యుంటే మరిచిపోయేదాన్ని.

ఆమె తొంభై దాటి బతికింది. చివరి ఏళ్లు పక్క వీధిలోని మా ఇంట్లోనే. ఒక రోజు తల దువ్వుతూ అడిగేశాను. "ఊర్లో బిడ్డలందరి కోసం పోట్లాడినావు. నాకోసం ఒక్క మాట ఎందుకనలేదవ్వా?" మరిచిపోయి ఉంటుందనుకున్నాను. తడుముకోకుండా చెప్పింది.

"వాళ్లు పోతే వాళ్లిండ్లల్లో పొయ్యి ఆరిపోతాది. నువ్వు పోతే మనింట్లో ఆరిపోతాది కదా పాపా. అప్పుడు నేను బడికెట్ట పొయ్యేది?"

ఇంకేమైనా అంటుందేమోనని దువ్వెన పట్టుకుని చూశాను. "చిక్కు నిదానంగా తియ్యి, నొస్తాది" అంది. నిదానంగానే తీశాను, జడ వేశాను.

ఫోటో పెట్టే రోజు పోతాను. ఆమె అన్నేళ్లు, ఒక్క రోజు నాగా లేకుండా పాఠాలు చెప్పిందని వాళ్లు అంటారు, నేనూ చప్పట్లు కొడతాను. కానీ ఆ ఏళ్లలో కొన్ని నావి. ఆమె పేరు మీద గడిచిపోయాయి.