పగుళ్లాయన పెన్నులు

పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆయన నోట ఒకటే మాట: "పగులుతుంది." కొత్త గాజు గ్లాసు కొన్నా అదే, పక్కింటివాళ్లు కొత్త గోడ లేపినా అదే. కాబోయే భార్యను మొదటిసారి కలిసిన హోటల్లో కూడా కాఫీ కప్పులు రెంటినీ వెలుతురుకు ఎత్తి చూసి, "ఇది పగులుతుంది" అని ఒకటి తను తీసుకుని, రెండోది ఆవిడ ముందుకు జరిపాడు. అది నిజంగానే పగిలి, కాఫీ అంతా ఆయన చొక్కా మీదే పడింది. ఆవిడ పడీపడీ నవ్వి పెళ్లికి ఒప్పుకుంది. ఎందుకు ఒప్పుకున్నట్టో ఆవిడకు ఇన్నేళ్లూ అంతుపట్టలేదు.

ఉద్యోగమూ తగ్గట్టే దొరికింది. నేల లోపల నీళ్ల పైపులు ఎక్కడ పగిలాయో చెవి ఆనించి కనిపెట్టాలి. వీధిలో అందరికీ ఆయన పగుళ్లాయన. నిరాశావాదుల్లోనూ రకాలున్నాయి. పడవెక్కుతూ తుఫానుల గురించి మాట్లాడేవాళ్లుంటారు. ఆసుపత్రికి పండ్లు పట్టుకెళ్లి, అదే మంచం మీద పోయినవాళ్ల కబుర్లు చెప్పేవాళ్లుంటారు. వాళ్లు చెప్పేది ఎదుటివాణ్ణి హడలగొట్టడానికి. ఈయన మాత్రం టైమెంతయిందో చెప్పినంత మామూలుగా చెబుతాడు. భార్యకు ఒళ్లు మండేది అక్కడే.

సెలవు దొరికితే పిల్లలిద్దర్నీ వెంటేసుకుని పెరట్లో రేకుల షెడ్డులో దూరతాడు. అక్కడ ఒక చిన్న లేత్ ఉంది. చెక్కముక్కకు నిలువునా రంధ్రం వేసి, ఇత్తడి గొట్టం అతికించి, లేత్‌కు బిగించి, అది గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి పెన్నులు తీస్తారు.

"నాన్నా, నాది ఎంత నున్నగా వచ్చిందో చూడు!" అంటాడు పెద్దాడు.

"పగులుతుంది."

"పోయినసారీ అలాగే అన్నావు. పగల్లేదుగా!"

"ఇది పగులుతుంది."

అంతలో ఫట్‌మని ఆయన బిగించిన చెక్కముక్కే పేలేది. "నాన్నది మళ్లీ పోయింది!" అంటూ పిల్లలు గంతులేసేవారు.

తల్లి బెంగంతా చిన్నదాని గురించి. ఒక్కసారి తప్పు జరిగితే ఆ పని జోలికి మళ్లీ పోదు ఆ పిల్ల. సైకిలు మీంచి ఒకసారి పడింది. సైకిలు తుప్పు పట్టింది. బళ్లో పాట మధ్యలో మరిచిపోయింది. మళ్లీ గొంతు విప్పలేదు. ఇక మిగిలింది ఈ లేత్ ఒక్కటే.

"ఏవండీ, ఇది కూడా వదిలేస్తే ఆ పిల్ల ఇంక దేన్నీ ముట్టుకోదు. ఒక్క మంచి మాట అనలేరా?"

"ఎందుకనలేను? చక్కగా ఉలి పడుతుంది."

"ఆ మాట దానితో అనండి. పెన్ను బాగా వస్తుందనండి."

"అది పగులుతుంది కదే!"

ఆవిడ తల పట్టుకుంది.

ఒక సెలవునాడు ఎక్కడో పెద్ద పైపు పగిలిందని ఆయనకు కబురొచ్చింది. ఆయన అటు వెళ్లగానే ఆవిడ ఇటు షెడ్డులోకి వచ్చింది. ఆ మాట చెవిన పడకుండా ఇవాళ పిల్ల చేత ఒక పెన్ను చేయించాలని పంతం. బల్ల కింద, గొట్టాలు అతికించి ఉంచిన ముక్కలు రెండు పెట్టెల్లో ఉన్నాయి. పిల్లల పెట్టెలో అన్నీ పాలిపోయిన సాదా ముక్కలు. ఆయన పెట్టెలో సుడులు తిరిగిన నల్లని చారలతో ఒకదాన్ని మించినది ఒకటి.

"మంచివన్నీ తనకే దాచుకున్నాడు చూడు, పెద్దమనిషి!" అని, వాటిలో అందమైనది తీసి చిన్నదాని చేతికిచ్చింది. "బ్రహ్మాండంగా వస్తుంది బంగారం. అమ్మ చెబుతోందిగా!"

పెద్దాడు బిగించాడు. చిన్నది ఉలి ఆనించింది. ఫట్!

పిల్ల ఏడవలేదు. ఉలి బల్ల మీద పెట్టి, పొట్టు కళ్లలో పడకుండా పెట్టుకున్న అద్దాలు తీసి, ఇంట్లోకి వెళ్లి మంచం కింద దూరింది. "నాకు రాదు. ఇంకెప్పుడూ చెయ్యను."

తల్లి బతిమాలింది, బెదిరించింది, బిస్కెట్లు మంచం కిందికి తోసింది. బిస్కెట్లు తిరిగొచ్చాయి. మంచి మాట అన్నది నేనే, ముంచింది కూడా నేనే అనుకుంటూ ఆవిడ అక్కడే నేల మీద కూలబడింది.

మోకాళ్ల దాకా బురదతో తిరిగొచ్చిన ఆయన సంగతి విని, ఆ బురదతోనే బోర్లా పడుకుని మంచం కిందికి తల పెట్టాడు.

"తప్పు నాదే. పొద్దున తొందరలో చెప్పడం మర్చిపోయాను."

"ఏం చెప్పడం?"

"పగులుతుందని."

"చెప్పినా పగులుతాయిగా నీవి!"

"నావి పగులుతాయి. చెప్పాక నీది ఎప్పుడన్నా పగిలిందా?"

"...లేదు."

"మరి?"

మంచం కింద చాలాసేపు ఆలోచన సాగింది. "అయితే ఇప్పుడు చెప్పు."

"పగులుతుంది."

"గట్టిగా!"

"పగులుతుందే తల్లీ!"

తలనిండా బూజుతో చిన్నది బయటికొచ్చి, బిస్కెట్టు నోట్లో వేసుకుని షెడ్డుకేసి పరుగెత్తింది.

వెనకే వచ్చిన ఆవిడ ఆయన పెట్టెలోంచి ఒక ముక్క తీసి వెలుతురుకు ఎత్తి చూసింది. ఆ సుడుల మధ్య వెంట్రుకంత సన్నని బీట. ఇంకొకటి తీసింది. దానిలోనూ బీటే. పిల్లల పెట్టెలో ఎంత వెతికినా ఒక్కటీ లేదు. ఎప్పుడో చొక్కా మీద ఒలికిన కాఫీ గుర్తొచ్చింది.

"ఏవండీ," అంది గొంతు సవరించుకుని, "నాకూ ఒక ముక్క ఇవ్వండి. నేనూ చేస్తాను."

ఆయన ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు.

"పగులుతుంది," అంటూ పిల్లల పెట్టెలో చెయ్యి పెట్టాడు.