పప్పు ఉడికే నీళ్ళు

సిల్వర్ నైట్రేటు చుక్క వేలి మీద పడితే నల్లమచ్చ ఓ పట్టాన వదలదు. ముమ్మిడివరంలో నేను సైన్సు చెప్పే బడిలో ఇవాళా పడింది. సబ్బుతో రుద్దుకుంటుంటే మా మామ్మ నుయ్యి గుర్తొచ్చి ప్రాణం ఉసూరుమంది.

మా చిన్నప్పుడు మంచినీళ్ళంటే పప్పు ఉడికే నీళ్ళే. వేసవిలో కాలవ కట్టేసినా, వరదల్లో కాలవ ఎర్రబడినా వీధివీధంతా బిందెలు చంకనేసుకుని మా నూతికే వచ్చేది. గిలక కీచుమంటుంటే, తడిసిన గట్టు మీద కొబ్బరాకుల నీడ కదులుతుంటే, మామ్మ అరుగు మీద కూచుని, "మా నీళ్ళకి ఒక్క పొంగుకే ఉడికిపోద్దమ్మా పప్పు" అని అందరికీ చెప్పుకునేది. ఆవిడకి నగలూ పొలాలూ లేవు, ఉన్న గొప్పంతా ఆ నుయ్యే. ఊరి వెనక వరిచేలు ఉప్పునీటి రొయ్యల చెరువులయ్యాక పప్పు పలుకుపలుకుగా మిగిలిపోతుంటే కొట్టువాణ్ణి తిట్టేది గానీ నీళ్ళని ఒక్క మాట అననిచ్చేది కాదు.

ఒకరోజు మా సైన్సు మేష్టారు ఎవరింటి నీళ్ళు వాళ్ళని తెమ్మన్నారు. సగానికి కోసిన సీసాల్లో ఇసుకా బొగ్గూ గుడ్డా వేసి వడకట్టాం. ఎర్రటి కాలవ నీళ్ళు తేటగా దిగాయి. మా నూతివి ముందే తేట. నేను మురిసిపోతుంటే మేష్టారు వాటిని గాజు గొట్టంలో పోసి, ఉప్పుంటే తెల్లబడుతుందని సిల్వర్ నైట్రేటు చుక్క వేశారు, గొట్టంలో పాలు విరిగినట్టయింది. మళ్ళీ వడకట్టాను, మళ్ళీ వేశారు, మళ్ళీ అదే తెలుపు.

"కరిగిన ఉప్పు గుడ్డకి చిక్కదమ్మా. అంత చిన్న రేణువుకి ఈ గుడ్డలో కంత సింహద్వారం" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే మామ్మ నవ్వేసింది. "మీ మేష్టారికేం తెలుసే. సుందరమ్మని అడుగు."

పక్కింటి సుందరమ్మగారు అప్పుడే బిందె నింపుకుంటున్నారు. "ఆయ్, అమృతమేనండి మామ్మగారూ" అన్నారు.

మావైపు పెద్దవాళ్ళని మొహం మీద కాదనరు. కాసేపటికి మామ్మ కరివేపాకు కోసం వాళ్ళ పెరట్లోకి వెళితే వెనకే నేనూ వెళ్ళాను. సుందరమ్మగారు ఆ బిందెని కొబ్బరి మొదట్లో వంచేస్తున్నారు. మామ్మని చూసి ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"పొయ్యమ్మా. చెట్టుకైనా పనికొస్తే చాలు" అంది మామ్మ.

కరివేపాకు అడక్కుండానే వచ్చేసింది. మర్నాడు చేంతాడు విప్పి, చుట్టచుట్టి అటకెక్కించింది.

ఇవాళ నేనూ పిల్లల్ని ఎవరింటి నీళ్ళు వాళ్ళని తెమ్మన్నాను. అందరూ ఒకే వాటర్ ప్లాంటు నీళ్ళు తెచ్చారు. చుక్క వేసినా అన్ని గొట్టాలూ ఒక్కలాగే తేటగా ఉన్నాయి. నూతి నీళ్ళు ఎవరూ తేలేదేమని అడిగితే, "మా వీధిలో నూతులన్నీ పూడ్చేసేరండి టీచర్" అంది ముందు బెంచీ పిల్ల.

చివరికి ప్రయోగం చూపించడానికి ఆ నీళ్ళలో చిటికెడు ఉప్పు నేనే కలిపాను.