మైసమ్మ బోనం, నా కిర్రు చెప్పులు

ఒక్క కుండ పరమాన్నానికి ఆశపడి పెండ్లి, పరువు, కొత్త చెప్పులు మూడూ ఒక్కనాడే పోగొట్టుకోబోయిన మొనగాణ్ణి నేను. నవ్వుకుంటే నవ్వుకోండ్రి, నాకేం పట్టింపు లేదు. మా ఇంట్ల అరవై ఏండ్ల సంది నవ్వుతనే ఉన్నరు.

పోలీసు యాక్షన్ అయిన మరుసటేడు ముచ్చట. నాకు ఇరవై రెండేండ్లు. సూర్యాపేటల బడిపంతులుగా కొత్తగా చేరిన. 'అడగకుండ ఎవ్వరి వస్తువూ ముట్టొద్దు' అని పిల్లలకు రోజూ చెప్పేటోణ్ణి. ఈ మాట జర యాదిల పెట్టుకోండ్రి.

ఆ ఎండకాలం మా చుట్టాల పెండ్లిల యశోద అనే పిల్లను చూసిన. మిర్యాలగూడ పిల్ల. బంతిల వడ్డించుకుంట నా విస్తరిల మూడుసార్లు అన్నం పెట్టింది. నాలుగోసారి వచ్చి, "ఇంకా ఆకలేనా?" అని కిసుక్కున నవ్వింది. అంతే, నా పని ఖతం. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలె అనుకున్న. అప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయి మా అమ్మ పరేషాన్‌ల ఉంది. ఇది గూడ తప్పితే నేను సన్నాసులల్ల కలుస్తనని ఇంట్ల చెప్పేసిన.

మా మేనమామ మాట కలిపిండు. పిల్లను చూడనీకి రమ్మన్నరు. మామ నా కోసం సూర్యాపేటల ప్రత్యేకంగ చెప్పులు కుట్టిచ్చిండు. ముందర ఇత్తడి పువ్వులు, అడుగేస్తే కిర్రు కిర్రు. ఆ చప్పుడుకు వీధిల కుక్కలు గూడ లేచి చూసేటియి.

ఇద్దరం కోదాడ మీదికెళ్లి పోయే బొగ్గు బస్సు ఎక్కినం. వెనక పొయ్యి, పొయ్యిల బొగ్గులు, ఎక్కినోళ్లందరి మొఖాల మీద మసి. అది కోదాడల ఆగి ఇగ కదల్లే. "సామాను సూర్యాపేట నుంచి రావాలె. రేపు పొద్దుగాల పోదాం," అని డ్రైవరు బస్సు కిందనే తువ్వాల పరుచుకున్నడు.

చాయ్ హోటల్ కాడ ఒకాయన చెప్పిండు, కోసెడు దూరంల గుట్ట మీద చెరువుందట, నీళ్లు అద్దంలెక్క ఉంటయట. నాకు కాలు నిలవలే.

"అరేయ్ నర్సిగా, రేపు పిల్లను సూసుడు పెట్టుకోని యాడికిరా? ఎండకు మాడిపోతవ్," అన్నడు మామ.

"జర సూసొస్త మామా."

"రోజులు మంచిగ లేవు. ఒక్కడే గుట్టెక్కేటోణ్ణి సూస్తే పోలీసోళ్లకూ అనుమానమే, ఊరోళ్లకూ అనుమానమే. తోడు తీస్కపో."

"పంతులుకు తోడెందుకు మామా?"

ఆ పంతులు గుట్ట మొదట్లనే సద్ది మూట విప్పి, నాలుగు జొన్న రొట్టెలూ అక్కడికక్కడే తినేసిండు. బరువు తగ్గుతదని లెక్క. సగం గుట్ట ఎక్కేసరికి కడుపుల మళ్లా గోల మొదలైంది.

మీద మాత్రం, నిజం చెప్తున్న, ఆ చెరువును చూడంగనే పానం లేచొచ్చింది. రెండు బండల నడుమ నీళ్లు, నీళ్ల మీద తామరలు, సల్లటి గాలి. కాళ్లు నీళ్లల్ల పెట్టుకోని రాజులెక్క కూసున్న. గాలి తోటి పరమాన్నం వాసన గూడ వచ్చింది. రాకపోతే ఈ కథ ఇక్కడితోనే అయిపోతుండె.

అటు పక్క పసుపు పూసిన మూడు రాళ్లు, కట్ట మైసమ్మ. ముంగట వేపాకు కట్టిన కుండ. కుండ మీద మూకుడు, మూకుట్ల దీపం. మనిషి జాడ లేదు. దీపం ఆరిపోయి ఉంది.

ఇప్పుడు నా తెలివి చూడండ్రి. బోనం మీద దీపం ఆరిందంటే మైసమ్మ తినుడు అయిపోయినట్టే. అమ్మవారు తిన్నంక మిగిలింది ప్రసాదం. ప్రసాదాన్ని ఎండల పాడువెడితే పాపం. ఆ పాపం నా కండ్ల ముంగట జరగనిస్తనా? భక్తితోటి కిర్రు చెప్పులు దూరంగ బండ మీద విడిచిన. చెంపలేసుకున్న. మూకుడు తీసిన. బెల్లం, పాలు, యాలకులు. మొదట ఒక్క పిడికెడే అనుకున్న. తర్వాత కుండ అడుగు చూడాలనిపించింది. చూసిన.

గప్పుడు బండ వెనకనుంచి ముసలి గొంతు వినబడ్డది.

"తల్లీ మైసమ్మా, గాలికి దీపం ఆరిపోయె. గొర్లకాపరి కాడ నిప్పు తెచ్చిన. ఆకలైతుందేమో, జర ఓపిక పట్టు తల్లీ!"

నా గుండె జారి కుండల పడ్డది. అవ్వా తప్పయిందని కాళ్లు పట్టుకుంటే అయిపోతుండె. పట్టుకుంటే నేను నేనెట్లయిత? మూతి గూడ తుడుచుకోకుండ గుట్ట అవతలి దిక్కు ఉరికిన. వెనక, "ఎవడ్రా వాడు! అమ్మోరి బోనం మింగినోడు!" అని కేక. చెప్పులు బండ మీదనే ఉండిపోయినయి.

ముండ్లు గుచ్చుకున్న కాళ్లతోటి, ఆ రాత్రికి మామ దిగిన సత్రానికి చేరిన.

"చెప్పులేవిరా?"

"తెగినయ్ మామా."

"రెండూనా?"

"రెండూ."

"మొన్న కుట్టిచ్చిన చెప్పులు రెండూ ఒక్కపారి తెగినయా?" అని మామ చాలాసేపు నా కాళ్ల దిక్కే చూసిండు.

తెల్లారి బస్సు కదిలే ముందు ఒక ముసలవ్వ మూట పట్టుకోని ఎక్కి, సరిగ్గ మా ముంగట కూసుంది. నోరు తెరవంగనే గొంతు గుర్తువట్టిన. తువ్వాల మొఖానికి చుట్టుకున్న.

"పన్నొచ్చిందా?" అన్నడు మామ.

"ఊఁ," అన్న.

అవ్వ బస్సంతటికీ కథ చెప్పింది. "మొఖం సరిగ్గ చూళ్లేదు నాయనా. కానీ వాడి చెప్పులు నా మూటలో ఉన్నాయి. ఊరూరా తిప్పి అయినా పట్టుకుంటా."

మా మామకు ధర్మకోపం వచ్చింది. "గసొంటోనికి పిల్లనెవరిస్తరమ్మా? నేనైతే నా గొడ్లకొట్టంల గూడ పండనియ్య!"

గరిడేపల్లి దాటినం. అవ్వ దిగలే. మిర్యాలగూడ వచ్చింది. అవ్వ దిగింది. మేమూ దిగినం. ఆమె ఏ గల్లీల తిరిగితే మామ అదే గల్లీల తిరుగుతున్నడు. "మామా, కడుపుల నొస్తుంది, వాపస్ పోదాం," అన్న. "పెండ్లికొడుకులకు అందరికీ నొస్తది," అని చెయ్యి పట్టి గుంజిండు. అవ్వ ఒక గడప ఎక్కింది. మేమూ అదే గడప ముంగట ఆగినం.

ఆమె యశోదకు అమ్మమ్మ.

చాపేసిండ్రు, మంచినీళ్లిచ్చిండ్రు. తలుపు చాటున యశోద గాజుల చప్పుడు. అవ్వ కండ్లల్ల నీళ్లు. "నా మనవరాలికి ఈ సంబంధం చక్కగా కుదరాలని మా కోదాడ మైసమ్మకు మొక్కి బోనం తీసుకుపోయినానయ్యా. ఎవడో దొంగ మింగిపాయె. ఇది అపశకునం కాదూ? ఈ సంబంధం వద్దనుకుంటున్నా." అనుకుంట మూట విప్పి చెప్పులు నడింట్ల పెట్టింది.

మా మామ మొఖం ఎలిగిపోయింది. "అరే! గివి మావోని చెప్పులే! ఇత్తడి పువ్వులు నేనే పెట్టిచ్చిన. మీకెక్కడ దొరికి..."

అక్కడ ఆగిండు. అందరు నా ఉత్త కాళ్ల దిక్కు చూసిండ్రు.

"దీపం ఆరిపోయింది అవ్వా," అన్న ఏడుపు గొంతుతోటి. "అమ్మవారు తిన్నదనుకున్న."

"దీపం ఆరితే వెలిగిస్తారు నాయనా. తింటారా?"

సంబంధం పోయింది, యశోద పోయింది. లేవబోయిన. గప్పుడు తలుపు చాటునుంచి కిసుక్కున అదే నవ్వు.

"కుండ మొత్తం తిన్నడా అవ్వా?"

"మొత్తం."

"అయితే ఆయనే. నాకు ఎరుకే. ఆయన తిన్నది ఆయన సంబంధానికి మొక్కిన బోనమే గదా, అపశకునం ఎట్లయితది? ఇంకో కుండ వండి ఆయన నెత్తినే పెట్టు. దీపం ఆరకుండ గుట్టెక్కితే నేను ఒప్పుకుంట."

"మొగోడు బోనం ఎత్తుడేంది?" అన్నడు మామ.

"మొగోడు బోనం మింగలేదూ?" అన్నది అవ్వ.

ఆదివారం వేపాకు కుండ నెత్తిన పెట్టుకోని, కిర్రు చెప్పులు సంకల పెట్టుకోని, ఉత్త కాళ్లతోటి ఆ గుట్ట ఎక్కిన. గొర్లకాపర్లు పనులు బంద్‌వెట్టి చూసిండ్రు. చెరువు కాడికి రాంగనే అదే గాలి లేచింది. నెత్తి మీద దీపం రెపరెపలాడుడు నాకు తెలుస్తనే ఉంది. చేతులు కుండకే సరిపోయినయి, అడ్డం పెట్టనీకి మూడో చెయ్యి లేదు.

వెనక నడుస్తున్న యశోద గబగబ వచ్చి కొంగు అడ్డం పట్టింది. అవ్వ చూసింది. చూసి, తామరలు లెక్కపెడుతున్నట్టు మొఖం అటు తిప్పుకుంది. దీపం ఆరలే.

కట్ట మైసమ్మ సాక్షిగ ఒట్టేస్తున్న: దీపం ఉన్నా ఆరినా, అడగకుండ ఏ కుండ మూతా ఈ జన్మల ముట్ట.

మా యశోద ఈ ఒట్టును నమ్మదు. ఇప్పటికీ బయటికి పోయేటప్పుడు, 'ఆరితే వెలిగించు' అని అన్నం గిన్నె మూత మీద అగ్గిపెట్టె పెట్టిపోతది.